కూలెంట్ మార్చాక స్లోలో ఇంజను వేడి 104 డిగ్రీల దాకా ఎక్కుతోంది, కదిలితే దిగుతోంది: గాలా, ఫ్యానా, థర్మోస్టాటా?

పాలకొల్లు_పెట్రోల్
అందరికీ నమస్కారమండి. బండి 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 2014 మోడలు. పాత కూలెంట్ దింపి, కుళాయి నీళ్ళతో కడిగి, రెడీమిక్స్ కూలెంట్ పోశారు. అప్పటినుంచి ఓబీడీ యాప్‌లో (బండి కంప్యూటర్ నుంచి చదివేది) కూలెంట్ వేడి అంకెలు ఇలా ఉన్నాయి. భీమవరం రోడ్డు మీద 60–70లో వెళ్తుంటే 86–89. రైల్వే గేటు పడి స్లోలో (బండి ఆగి, ఎక్సలేటర్ తొక్కకుండా ఇంజను నడుస్తుండగా) నిలబెడితే మెల్లగా 101, 104 దాకా ఎక్కుతోంది. మధ్యలో ఉన్నట్టుండి 82కి పడిపోయి, వెంటనే మళ్ళీ 98 చూపిస్తోంది. ఎక్సలేటర్ కొంచెం తొక్కి 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంచితే తగ్గుతోంది. డ్యాష్‌బోర్డు ముల్లు మాత్రం సగం దగ్గర్నుంచి కదలదు. రిజర్వాయర్ ఫుల్ గీత మీదే ఉంది, కింద ఒక్క చుక్క కూడా లేదు. షెడ్డులో థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) తీసేద్దామంటున్నారు. తీయించమంటారా?

రేడియేటర్_రాజమండ్రి
తీయించకండి. మన జిల్లాల్లో బండి హీటెక్కిందంటే చాలా షెడ్డుల్లో మొదట పీకేది అదే. థర్మోస్టాట్ లేకపోతే చల్లని ఇంజను 80 దాటడానికే చాలాసేపు పడుతుంది. ఇంజను ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ (ఇంజను కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ కొడుతుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్లో తేమ ఆవిరైపోకుండా ఉండిపోతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ వెనక పళ్ళెంతో బైపాస్ దారిని మూసేస్తుంది. అలాంటి ఇంజన్లో దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్ళు రేడియేటర్ దాకా పోకుండా ఇంజన్లోనే తిరుగుతాయి. అప్పుడు చల్లబడాల్సింది పోయి ఇంకా కాగుతుంది.

మీ అంకెల్లోనే చాలా సమాచారం ఉందండి. స్లోలో వాటర్ పంపు నెమ్మదిగా తిరుగుతుంది, ఎదురు గాలి ఉండదు, ఉన్నదల్లా ఫ్యాను గాలే. కాబట్టి స్లోలో ఎక్కి, బండి కదలగానే దిగితే బయటి గాలి వైపు చూడాలి: ఫ్యాను, ఫిన్లు (రేడియేటర్ సన్న రేకులు), ష్రౌడు (ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు). స్లోలో ఎక్కి, నిలబడ్డచోటే రేసు చేస్తే దిగితే నీటి ప్రవాహం వైపు చూడాలి: లెవెల్ తక్కువ, లోపల గాలి, పంపు ఇంపెల్లర్ అరుగుదల. స్లోలో బాగానే ఉండి 80–90 స్పీడులో ఎక్కితే రేడియేటర్ లోపల ట్యూబులు పూడుకున్నాయని అనుమానించాలి. మీది రెండో రకం. కూలెంట్ మార్చిన వెంటనే వచ్చింది కాబట్టి తొంభై పాళ్ళు లోపల గాలి పట్టేసింది.

మూడు సంగతులు చూసి చెప్పండి. ఒకటి, ఇంజను బాగా వేడెక్కాక హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, స్లోలో వచ్చే గాలి వేడిగా ఉందా, చల్లగా ఉందా? 2000లో ఎలా ఉంది? రెండు, ఏసీ కట్టేసి చూస్తే ఫ్యాను ఎంత దగ్గర తిరగడం మొదలై ఎంత దగ్గర ఆగుతోంది? మూడు, పొద్దున్నే ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి మెడ అంచు దాకా కూలెంట్ ఉందా లేదా. రిజర్వాయర్ ఫుల్‌గా ఉంటే రేడియేటర్ కూడా ఫుల్‌గా ఉన్నట్టు కాదు.

వేడిమీద మూత మాత్రం ముట్టుకోకండి. పై హోస్ చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా ఉండాలి. అప్పుడే.

కాకినాడ_స్కానర్
ఆ 82 గురించి ఒక మాట. నాలుగైదు లీటర్ల నీళ్ళు ఒక్క సెకనులో పదిహేను, ఇరవై డిగ్రీలు చల్లబడవు. అంకె దూకిందంటే సెన్సారు మొన చుట్టూ ఉన్నది మారిందన్నమాట. గాలి బుడగ వచ్చి నిలిస్తే ఒక అంకె, కూలెంట్ తగిలితే ఇంకో అంకె. బుడగ సెన్సారు దగ్గరుంటే తక్కువ కూడా చూపించవచ్చు. అందుకే లోపల గాలి ఉన్న బండిలో తక్కువ అంకె చూసి ధైర్యపడకూడదు.

ఇదే దూకుడు కరెంటు లోపం వల్ల కూడా వస్తుంది. తేల్చుకోవడం తేలిక: స్లోలో ఉంచి హెడ్‌లైట్లు, వెనక డీఫాగర్, బ్లోయర్ ఒక్కసారిగా వెయ్యండి. వేసిన క్షణంలోనే అంకె కదిలితే అది వేడి కాదు, ఎర్త్ వైరో సెన్సారు కనెక్టరో. ఇంజనుకీ బాడీకీ మధ్య ఎర్త్ స్ట్రాప్ బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, బిగించండి. సముద్రం దగ్గర ఊళ్ళలో ఆ బోల్టు కింద పచ్చటి పొడి పట్టి ఉంటుంది.

ముల్లు కదలకపోవడం మామూలే. ఈ రోజుల్లో మీటర్లు 75 నుంచి 105 దాకా ఏదున్నా సగంలోనే చూపించేలా చేస్తున్నారు. ముల్లు పైకి లేచేసరికే ఆలస్యం అయిపోతుంది. యాప్ అంకెనే నమ్మండి.

పాలకొల్లు_పెట్రోల్
చూశానండి. హీటర్ గాలి స్లోలో చల్లగా వస్తోంది, 2000లో ఉంచితే కాసేపటికి వేడెక్కుతోంది. ఫ్యాను 98కి తిరిగి 92కి ఆగుతోంది. పొద్దున్న మూత తీస్తే మెడలో కూలెంట్ కనబడలేదు, 700 మిల్లీలీటర్ల దాకా పట్టింది. లైట్లు వేస్తే అంకె కదల్లేదు.

రేడియేటర్_రాజమండ్రి
అయితే గాలే. హీటర్ కోర్ పైన ఉంటుంది, గాలి అక్కడే చేరుతుంది. స్లోలో పంపుకి దాన్ని నెట్టే బలం ఉండదు.

తణుకు_స్పానర్
గాలి తీసే పద్ధతి రాస్తున్నాను. ఇది రేడియేటర్‌కే మూత ఉండి, పక్కన ప్లాస్టిక్ రిజర్వాయర్ ఉన్న బండ్లకి. రేడియేటర్ మీద మూత లేకుండా, పైన ప్రెజర్ ట్యాంకు ఉన్న బండ్లకి చివర్న చెబుతాను.

ముందు బండి ముక్కు పైకి ఉండాలి, రేడియేటర్ మెడ మొత్తం సిస్టంలో అన్నిటికంటే ఎత్తు చోటు కావాలి. మన డెల్టాలో నేలంతా చదునే, వాలు దొరకదు. కాలవ గట్టు ఎక్కే దారో, వంతెన అప్రోచో ఉంది కదా అని రోడ్డు మీద పెట్టకండి. వాటర్ సర్వీసింగ్ చేసేచోట ర్యాంపు ఉంటుంది, అది చాలు. అదీ లేకపోతే ముందు చక్రాల కింద బలమైన చెక్క దిమ్మలు పెట్టి ఆరేడు అంగుళాలు లేపండి. హ్యాండ్‌బ్రేక్ వెయ్యండి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టండి. జాకీ మీద మాత్రం నిలబెట్టి ఈ పని చెయ్యొద్దు.

ఇంజను చల్లగా ఉండగా మూత తీసి, హీటర్ ఫుల్ హాట్, బ్లోయర్ ఒకటిలో, ఏసీ ఆఫ్. మన వైపు హీటర్ ఎవరూ వెయ్యరు కాబట్టి పాత బండ్లలో హీటర్ వాల్వు కేబుల్ బిగుసుకుపోయి ఉంటుంది. నాబ్ తిప్పితే వాల్వు మీట కదులుతోందా లేదా బానెట్ ఎత్తి కళ్ళారా చూడండి. అది మూసుకుని ఉంటే హీటర్ కోర్లో గాలి ఎన్నటికీ రాదు.

కూలెంట్ సన్నధారగా పొయ్యండి. గబగబా గుమ్మరిస్తే పోసినదే గాలిని లోపల బంధిస్తుంది. పోస్తూ పై హోస్, కింది హోస్ రెండూ చేత్తో పిసకండి, బుడబుడమని బుడగలు వస్తాయి. థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గరో హీటర్ పైపు మీదో బ్లీడ్ స్క్రూ ఉంటే సగం చుట్టు వదులు చేసి, బుడగల్లేకుండా కూలెంట్ కారేదాకా ఉంచి బిగించండి. అది ఇత్తడిదో ప్లాస్టిక్‌దో అయి ఉంటుంది, గట్టిగా తిప్పితే తల తెగుతుంది.

మెడలో బిగుసుకునే గరాటు ఉంటే పెట్టి సగం దాకా నింపండి. ఇప్పుడు స్టార్ట్ చేసి స్లోలో వదిలెయ్యండి. మొదట పై హోస్ చల్లగానే ఉంటుంది. 82 నుంచి 88 మధ్యలో, బండిని బట్టి, థర్మోస్టాట్ తెరుచుకుంటుంది. గరాటులో లెవెల్ గభాలున పడుతుంది, పై హోస్ వేడెక్కుతుంది. అప్పుడు పొయ్యండి. ఆ తర్వాత 1500–2000 మధ్య అర నిమిషం ఉంచి మళ్ళీ స్లోకి వదలండి, ఇలా నాలుగైదు సార్లు. బుడగలు పెద్దవి పోయి చిన్నవవుతాయి, తర్వాత ఆగిపోతాయి. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగాలి, స్లోలో కూడా హీటర్ గాలి వేడిగా రావాలి. ఈ రెండూ జరగకుండా పని అయిపోయిందనుకోవద్దు.

ఇంజను ఆపి, గరాటుకి బిరడా వేసి తీసి, మూత రెండో మెట్టు దాకా బిగించండి. మొదటి మెట్టులో ఆగిపోతే ప్రెజర్ నిలవదు. రిజర్వాయర్‌లో ‘లో’, ‘ఫుల్’ గీతల మధ్యకి పోసి, మర్నాడు పొద్దున్న చల్లని ఇంజన్లో మూత తీసి మళ్ళీ చూడండి. కాస్త తగ్గితే నింపండి. వరసగా తగ్గుతూనే ఉంటే అది ఇక గాలి కథ కాదు.

ప్రెజర్ ట్యాంకు బండ్లలో ఆ ట్యాంకే ఎత్తు చోటు, గాలి దానంతట అదే అక్కడికి చేరుతుంది. ట్యాంకులో మ్యాక్స్ దాటి పొయ్యకండి, వేడెక్కాక వ్యాకోచానికి ఆ ఖాళీ కావాలి.

గేటుదగ్గర_డీజిల్
ఇంత తతంగం ఎందుకండీ? మూత తీసేసి 3000లో రేస్ చేస్తే గాలి అదే పోతుంది కదా?

తణుకు_స్పానర్
పోదండి. మూత లేకుండా అంత రేసు చేస్తే కూలెంట్ మెడలోంచి ఎగజిమ్ముతుంది. ఎంత పోయిందో లెక్క ఉండదు, చేతులు కాలతాయి. పైగా ఎక్కువ స్పీడులో పంపు పెద్ద బుడగని చిలికి సన్న నురగ చేస్తుంది. నురగ మెడ దగ్గరికి తేలదు, కూలెంట్‌తోపాటే తిరుగుతూ ఉంటుంది. నెమ్మదిగా, ఆగి ఆగి చెయ్యడమే పద్ధతి.

వసతి ఉన్న వర్క్‌షాపులో వాక్యూమ్ ఫిల్లర్ ఉంటే అదే ఉత్తమం. కంప్రెసర్ గాలితో సిస్టంలో శూన్యం లాగుతారు, హోసులు లోపలికి నొక్కుకుపోతాయి, మీటరు కాసేపు కదలకుండా నిలబడితే లీకు లేనట్టే. తర్వాత వాల్వు తిప్పితే కూలెంట్ దానంతట అదే లోపలికి పోతుంది.

రేడియేటర్_రాజమండ్రి
గాలి సంగతి సరే, ఎవరూ అడగని ఇంకో విషయం ఉంది. నీళ్ళతో కడిగాక రెడీమిక్స్ పోశారన్నారు. కింద కాక్ తిప్పితే రేడియేటర్లోది మాత్రమే దిగుతుంది, బ్లాకులోది, హీటర్ కోర్లోది అలాగే ఉంటుంది. మొత్తం పట్టేది 4.5 లీటర్లు అనుకుందాం, మీ బండి లెక్క మాన్యువల్లో చూసుకోండి. దిగింది 2.2 అనుకోండి. లోపల 2.3 లీటర్లు ఉత్త నీళ్ళు మిగిలాయి. దాని మీద సగం-సగం కలిపిన రెడీమిక్స్ 2.2 పోస్తే అందులో గ్లైకాల్ (నీళ్ళు కాక మిగిలిన అసలు కూలెంట్) 1.1 లీటర్లే. అంటే మొత్తం మీద 24 శాతం. డబ్బా మీద 50 అని ఉన్నా ఇంజన్లో ఉన్నది సగమే.

మనకి మంచు పడదు కాబట్టి గడ్డకట్టే బాధ లేదు. కానీ తుప్పు పట్టకుండా ఆపే మందు వచ్చేది ఆ కూలెంట్ తోనే, మరిగే ఉష్ణోగ్రత పెరిగేదీ దానితోనే. 33 శాతం కన్నా తగ్గనివ్వకండి, 50 ఉంటే నిశ్చింత. ఇప్పుడు సరిచెయ్యాలంటే మళ్ళీ 2.2 దింపి, కాన్సంట్రేట్ 1.7 లీటర్లు, డీమినరలైజ్డ్ వాటర్ (లవణాలు తీసేసిన నీళ్ళు) అర లీటరు పొయ్యండి. దాదాపు 50 దగ్గరికి వస్తుంది. డ్రాపు వేసి చూసే రిఫ్రాక్టోమీటర్ ఉంటే సగం-సగం మిశ్రమం గడ్డకట్టే ఉష్ణోగ్రత మైనస్ 37 దగ్గర చూపిస్తుంది.

అలాగని నీళ్ళు కలపకుండా ఉత్త కాన్సంట్రేట్ పొయ్యకూడదు. వేడిని మోసేది ప్రధానంగా నీళ్ళే. గ్లైకాల్ చిక్కగా ఉంటుంది, నీళ్ళంత వేడి పట్టుకోదు. ఎక్కువైతే స్లోలో టెంపరేచర్ ఇంకా పెరుగుతుంది.

అంతర్వేది_ఉప్పుగాలి
నీళ్ళ గురించి గట్టిగా చెప్పాలండి. కుళాయి నీళ్ళతో కడగడం వేరే ఊళ్ళలో ఎలా ఉన్నా, సముద్రం వైపు మండలాల్లో బోరు నీళ్ళు ఉప్పన. క్లోరైడ్ అల్యూమినియాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. రేడియేటర్ లోపల, వాటర్ పంపు బాడీలో, హెడ్‌లో గాస్కెట్ అంచు దగ్గర. కాలవ నీళ్ళలో ఉప్పు తక్కువేగానీ ఒండ్రు ఉంటుంది, అది హీటర్ కోర్ సన్న గొట్టాల్లో చేరి గట్టిపడుతుంది. ఇరవై లీటర్ల టిన్నుల్లో వచ్చే ఆర్వో నీళ్ళు వీటికన్నా నయమే, కానీ ఉప్పు పూర్తిగా పోయినట్టు కాదు. టీడీఎస్ మీటరు కరిగిన లవణాలు మొత్తం ఎంతో చెబుతుంది, అందులో క్లోరైడ్ ఎంతో చెప్పదు. బ్యాటరీ షాపులో దొరికే డీమినరలైజ్డ్ వాటర్ ఐదు లీటర్ల క్యాను తెచ్చుకోండి. చివరిసారి కడగడం కూడా దానితోనే.

కూలెంట్ రంగు చూసి కలపకండి. ఆకుపచ్చ, ఎరుపు అనేవి కంపెనీ వేసుకునే రంగులు, లోపలి మందు వేరువేరుగా ఉండొచ్చు. పడనివి కలిస్తే జిగురులా పేరుకుంటుంది. డబ్బా మీద మీ బండి మాన్యువల్లో రాసిన రకమే ఉందా చూడండి.

పాలకొల్లు_పెట్రోల్
తణుకు గారూ, సర్వీసింగ్ ర్యాంపు మీద మీరు చెప్పినట్టే చేశాం. రాజమండ్రి గారు చెప్పిన లెక్క ప్రకారం 1.7 కాన్సంట్రేట్, అర లీటరు డీఎం నీళ్ళు పట్టాయి. ఇప్పుడు ఏసీ లేకుండా స్లోలో 91 నుంచి 98, మళ్ళీ 91, అలా ఎక్కుతూ దిగుతూ ఉంది. దూకుడు లేదు. హీటర్ స్లోలో కూడా వేడిగానే వస్తోంది. మర్నాడు మూత తీస్తే మెడ అంచు దాకా ఉంది. కానీ మధ్యాహ్నం ఎండలో ఏసీ వేసి నిలబెడితే ఇంకా 103 దాకా పోతోంది. కదిలితే దిగుతోంది. ఇప్పుడు రేసు చేసినా పెద్దగా తగ్గట్లేదు.

కాకినాడ_స్కానర్
91–98 మధ్య ఆ ఎక్కుదిగుడు ఆరోగ్యం. ఫ్యాను 98కి పడి 92కి ఆగుతుంది, ఆగాక ఒక డిగ్రీ దిగి మళ్ళీ ఎక్కుతుంది. దాన్ని జబ్బు అనుకుని ఇంకేమీ విప్పకండి.

ఏసీ వేసినప్పుడు లెక్క మారింది చూశారా? రేసుకి లొంగట్లేదు, కదిలితే దిగుతోంది. నీళ్ళ సమస్య పోయింది, ఇప్పుడు బయటి గాలి వైపు చూడాలి. మొదట ఫ్యాను. రెండు స్పీడుల ఫ్యాను ఉన్న బండ్లలో తక్కువ స్పీడు రెసిస్టర్ గుండా వస్తుంది. అది కాలిపోతే ఏసీ వేసినా ఫ్యాను తిరగదు, బాగా వేడెక్కాక ఒక్కసారిగా ఫుల్ స్పీడులో పడుతుంది. ఏసీ వేసిన కొన్ని సెకన్లలో ఫ్యాను అందుకోవాలి. ముందు గ్రిల్లు ఎదుట ఒక దినపత్రిక కాగితం పెట్టండి, కండెన్సర్‌కి (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీకి) అతుక్కోవాలి. బయటికి నెట్టేస్తుంటే మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారై ఫ్యాను ఎదురు తిరుగుతోందన్నమాట. అతుక్కోకుండా నీరసంగా జారిపోతుంటే మోటారు బ్రష్షులు అరిగి ఉండొచ్చు, ఫిన్లు మూసుకుపోయి ఉండొచ్చు.

పాలకొల్లు_పెట్రోల్
ఫ్యాను వెంటనే అందుకుంటోంది. కాగితం సగానికి అతుక్కుంది, కింది సగంలో అసలు లాగడం లేదు.

తణుకు_స్పానర్
ఆయ్, దొరికిందండి. కింది సగం మూసుకుపోయింది. దాళ్వా (రెండో పంట) కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, నూర్చిన పొట్టు గాలికి లేస్తుంది. ఆ పొట్టు, ఊక కండెన్సర్ దాటి దానికీ రేడియేటర్‌కీ మధ్య సందులో చేరి కింద పేరుకుంటుంది. మీద వాన నీళ్ళు, గట్టు దారుల బురద పడి పిడకలా గట్టిపడుతుంది. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది, అందుకే ఎవరికీ తట్టదు. టార్చి పైనుంచి ఆ సందులోకి వేసి చూడండి.

శుభ్రం చెయ్యాలంటే ముందు నుంచి నీళ్ళు కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. బ్యాటరీ నెగెటివ్ తీసి, ఫ్యాను కనెక్టర్ విప్పి, ష్రౌడు నాలుగు బోల్టులూ తీసి ఫ్యాను పైకి లాగండి. పంపు పైపుతో మామూలు ధార ఇంజను వైపు నుంచి ముందుకి, పైనుంచి కిందికి పట్టండి. ఎండిన పొట్టు అయితే పావుగంట తడిపి ఉంచి తర్వాత. సర్వీసింగ్ ప్రెజర్ గన్ దగ్గరగా పెట్టొద్దు, ఫిన్లు మడత పడి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అప్పుడు గాలి శాశ్వతంగా ఆగిపోతుంది. వంగినవాటిని మెత్తటి బ్రష్షుతో, నిలువుగా, ఫిన్ల వెంబడే సరిచెయ్యండి. ష్రౌడు చుట్టూ ఉన్న స్పాంజి పట్టీలు ఊడిపోయి ఉంటే మళ్ళీ అతికించండి. అవి లేకపోతే ఫ్యాను రేడియేటర్లోంచి కాకుండా పక్కల నుంచి వేడి గాలినే తిరిగి లాక్కుంటుంది.

అంతర్వేది_ఉప్పుగాలి
గోటితో ఒక ఫిన్ మెల్లగా గీకి చూడండి. పొడిలా రాలిపోతే ఉప్పుగాలికి తినేసిందని అర్థం. అప్పుడు ఎంత కడిగినా లాభం లేదు. ట్యూబుకి అంటుకుని ఉండాల్సిన ఫిన్ విడిపోతే వేడి గాలికి చేరదు. రేడియేటర్ మార్చడమే.

గేటుదగ్గర_డీజిల్
మూత కూడా మార్చుకోమని చెప్పండి, ఖరీదు తక్కువే కదా.

రేడియేటర్_రాజమండ్రి
మంచి మాట. మూతలో రెండు వాల్వులుంటాయి. పెద్దది ప్రెజర్ పట్టి ఉంచుతుంది, మూత మీద 0.9 అనో 1.1 అనో (బార్‌లలో) ఉండేది అదే. 0.9 ప్రెజరుంటే ఉత్త నీళ్ళు 118 దాకా, సగం-సగం మిశ్రమం 125 దాకా మరగవు. మూత ప్రెజర్ పట్టకపోతే అదే మిశ్రమం 107 దగ్గరే మరుగుతుంది. అందుకే 104 అంకె ఒకటే అయినా, మంచి మూత ఉన్న బండికి ప్రమాదం లేదు, పాడైన మూతకి అంచు మీద ఉన్నట్టే. మధ్యలో చిన్న వాల్వు ఇంజను చల్లబడేటప్పుడు రిజర్వాయర్ నుంచి కూలెంట్ వెనక్కి లాగుతుంది. అది బిగుసుకుంటే రాత్రికి పై హోస్ లోపలికి నొక్కుకుపోతుంది, రిజర్వాయర్ లెవెల్ దిగదు. కొనేటప్పుడు పాత మూత మీద ఎంతుందో అంతే కొనండి. ఎక్కువదైతే మంచిదని 0.9 బదులు 1.3 పెడితే పాత రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు దగ్గర విచ్చుకుంటుంది.

ఇంకోటి, బుడగలు ఎంతకీ ఆగని బండ్లకి. చల్లని ఇంజను స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాల్లో, ఇంకా వేడెక్కకుండానే పై హోస్ రాయిలా గట్టిపడితే హెడ్ గాస్కెట్ (ఇంజను హెడ్‌కీ బ్లాకుకీ మధ్య సీలు) నుంచి మంట గ్యాసు కూలెంట్‌లోకి వస్తోంది. మెడ దగ్గర నీలం ద్రవంతో చేసే గ్యాసు పరీక్ష చేయిస్తే, గ్యాసు ఉంటే పెట్రోల్ బండిలో పసుపు రంగుకి తిరుగుతుంది. ఆ పరీక్ష అవ్వకుండా హెడ్ విప్పనివ్వకండి.

భీమవరం_ఐస్‌బాక్స్
మాది చేపల బండి, డీజిల్ పికప్. ఫ్యాను బెల్టు మీద, మధ్యలో విస్కస్ క్లచ్చు. దీనికీ ఇదే లెక్కా?

తణుకు_స్పానర్
గాలి తీయడం, నీళ్ళు, ఫిన్లు అంతా ఇదే. ఫ్యాను ఒక్కటే తేడా. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఆపి, తాళం తీసేసి, ఫ్యాను చేత్తో తిప్పండి. జిగటగా అడ్డుకోవాలి. వేడిమీద కూడా వదులుగా గిర్రున తిరిగితే క్లచ్చులో సిలికాన్ ఆయిల్ పోయింది. ముందు భాగంలో జిడ్డు మరక కూడా కనిపిస్తుంది. బెల్టు బిగువు కూడా చూడండి. లోడుతో చెరువు గట్ల మీద ఫస్టు గేరులో తిరిగే బండికి ఎదురు గాలి ఉండదు, ఆ క్లచ్చే ఆధారం.

పాలకొల్లు_పెట్రోల్
ష్రౌడు తీశాక సందులో కింద నాలుగు వేళ్ళ మందాన పొట్టు, బురద కలిసి గట్టిపడి ఉంది. తడిపి, వెనక నుంచి కడిగాం. ఫిన్లు గట్టిగానే ఉన్నాయి, రాలలేదు. స్పాంజి పట్టీ ఒకవైపు ఊడితే కొత్తది అతికించాం, మూత 0.9ది కొత్తది వేశాం. మధ్యాహ్నం ఏసీతో గేటు దగ్గర నిలబెడితే 94–96 దాటలేదు. కాగితం మొత్తం అతుక్కుంటోంది. అందరికీ చాలా థాంక్సండి. దింపిన కూలెంట్ నాలుగు లీటర్ల పైన ఉంది, ఏం చెయ్యాలి?

అంతర్వేది_ఉప్పుగాలి
బోదెలోకి, మురుగు కాలవలోకి వంపకండి. అది ఎవరో ఒకరి చెరువులోకే చేరుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, దూడలు నాకుతాయి, మూత్రపిండాలు పాడై చస్తాయి. మూత గట్టిగా ఉన్న క్యానులో పోసి, పైన పేరు రాసి, పిల్లలకి అందనిచోట పెట్టండి. పాత ఇంజనాయిల్ తీసుకెళ్ళేవాళ్ళకి ఆయిల్‌తో కలపకుండా విడిగా ఇస్తామని అడగండి, లేదా పెద్ద సర్వీస్ సెంటర్లో వ్యర్థ ద్రవాలకి డ్రమ్ములుంటాయి, అక్కడ ఇవ్వండి. కింద పడిన చుక్కల మీద ఊకో రంపపు పొట్టో చల్లి, ఎత్తి, తర్వాత నీళ్ళు కొట్టండి.

రేడియేటర్_రాజమండ్రి
వారం తిరిగాక ఒకసారి పొద్దున్న మూత తీసి మెడలో లెవెల్ చూసి ఇక్కడ రాయండి. రిజర్వాయర్ మీద ఇవాళ్టి లెవెల్ దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకోండి, చల్లని ఇంజన్లో గీతకీ లెవెల్‌కీ తేడా రాకపోతే ఇక విప్పాల్సిందేమీ లేదు.